బూడిదెద్దు గుంజ

ఏమప్పా, చేను నుంచి రాంగానే ముందు ఇది చదువు.

ఎల్లుండే ఉగాది. ఇల్లంతా నేను అలికేసినాను. కొట్టం నీ పని. పేడ మొత్తం దిబ్బకు మోసెయ్యి. గాడి అడుగున కుళ్లిన చొప్ప ఉండాది, అది ఊడ్చి అవతల పారెయ్యి. గొర్రెల దొడ్డి గోడకు సున్నం కొట్టు. సున్నం కుండలో నానబెట్టినాను. చేత్తో ముట్టొద్దు, పోయినేడు బొబ్బలెక్కినాయి. బావి అడుగంటింది, కాబట్టి బండలు కడగొద్దు, ఊడిస్తే చాలు. సంగటి ఉట్టి మీద ఉండాది.

పండగ ముందర అమ్మిన పశువు గుంజ పీకి, గుంత పూడ్చి, పైన అలికేది మనింట్లో వాడుక. బూడిదెద్దు గుంజ మాత్రం ముట్టొద్దు. నన్నొక్క మాట అడక్కుండా దాన్ని అమ్ముతానని నిన్న బేరగానికి మాటిచ్చినావు. మేత లేదంటివి, నిజమే. కానీ పెండ్లినాడు నన్ను ఈ ఇంటికి తెచ్చిన బండి లాగింది ఆ ఎద్దే కదా.

సాయంత్రం బేరగాడు వస్తే మజ్జిగ ఇచ్చి, ఎద్దు లేదని చెప్పి పంపు. అబద్ధమేం కాదు. ఉరవకొండ దిక్కు మా నాయన ఊరికి కాలవ నీళ్లొచ్చినాయి, గట్టు పొడుగునా పచ్చిగడ్డి ఉండాది. ఎద్దును ఆడికే తోలుకొని పోతాండా. దాన్ని మా నాయనకు అప్పజెప్పి పండగకు నేనొస్తా. ఏరువాక నాటికి అదీ వస్తాది.

ఇంకొక మాట. నేనొచ్చేటప్పటికి ఆ గుంజ కనపడకపోతే, వాకిట్లోనించే వెనక్కి తిరిగి పోతా.