నువ్వు అడిగిన గొంతు

సుధాకరన్నా,

నువ్వు పోయి ఏడాదయింది. మొన్న జఫర్‌గఢ్‌లో మా బాపు కూడా పోయాడు. ఆ రోజు జరిగింది చెప్పుకోవాలంటే నువ్వే ఉండాల్సింది.

భూపాలపల్లిలోని నీ గదిలో మనం చేసిన బ్లాక్ మెటల్ పాటకు, ఆ అరుపుల రాక్ పాటకు, నా గొంతు రికార్డు చేయడమొక్కటే మిగిలింది. గిటారు మీద పది నిమిషాలూ ఒకే వరుస, కింద ఒకే దరువు. "గింత బీద పాట జనానికి ఎందుకే?" అని నీతో కొట్లాడేవాణ్ని. కానీ ధర్నాల్లో నేను పంచిన ఏ కరపత్రంలోని మాటా నా కోపానికి ఆ పాటంత దగ్గరగా రాలేదు. నేను మైకులో అరిస్తే నువ్వు నవ్వేవాడివి.

"గిది ధర్నా కాదు తమ్మీ. నినాదాలు బంద్ జెయ్యి. నీ లోపట మాట లేని జాగ ఒకటుంటది, ఆడికెళ్లి రావాలె."

మొన్న బాపును మోసుకెళ్లిన దారంతా డప్పు మీద ఒకటే దెబ్బ. నీ పాటే అనుకున్నాను. దింపుడు కళ్లం దగ్గర పాడె దించి డప్పు ఆపారు. అక్కడ పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలవాలి కదా. మహబూబాబాద్ నుంచి వచ్చిన మేనత్త, "పిలువు బిడ్డా, గట్టిగ పిలువు" అంది. రెండుసార్లు "బాపూ" అన్నాను. మూడోసారి ఆ మాట రాలేదు. ఉత్త గొంతే వచ్చింది. డప్పులవాళ్లు తల తిప్పి చూశారు.

నువ్వు అడిగింది అదేనన్నా.

నిన్న మన పాట పెట్టి, తలుపేసుకుని నోరు తెరిచాను. మళ్లీ మాటలే వచ్చాయి. నీ పాట ఇంకా గొంతు లేకుండానే ఉంది.