జర్మనీ అంతా కలిపేసింది నేనే, మావయ్యా

మావయ్యా, ఎలా ఉన్నారు? మీరు వెళ్ళి అయిదు నెలలైంది. ఇన్నాళ్ళూ రాయనిది తీరిక లేక కాదు... మొహం చెల్లక.

మార్తా అత్త పోయాక మీరు ఆవిడ వంశవృక్షం పట్టుకుని కూర్చున్నారు. వంశవృక్షాలు పెట్టే ఓ వెబ్‌సైట్‌లో ఒక గ్రూపుతో కలిసి జర్మన్ కుటుంబాలను పాత రాజ్యాలవారీగా సర్దే పని కూడా నెత్తినేసుకున్నారు. నేను వీకెండ్‌కి క్వేకర్స్ హిల్‌లో మా ఇంటి నుంచి వస్తే పక్కన కూర్చోబెట్టుకునేవారు. "మీ అత్తవాళ్ళ ఊరు అప్పుడు ప్రష్యా రాజ్యంలోదిరా, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. వాళ్ళు పుట్టిననాటి పేరే పెట్టాలి. మా నాన్న మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టాడు. ఆంధ్రప్రదేశ్ అని రాస్తే ఆయన ఊరుకునేవాడా?" అనేవారు. నేను తలూపేవాణ్ణి. విన్నానా? ఎక్కడ!

మీ కంటి ఆపరేషనప్పుడు పాస్‌వర్డ్ ఇచ్చి, నాలుగు పేర్లు ఎక్కించమన్నారు. ఎక్కించి ఊరుకోవచ్చుగా? ప్రష్యా అని, సైలీషియా అని, సాక్సనీ అని ఇన్నెందుకు, అన్నీ కలిపి జర్మనీ అంటే పోలా అనుకున్నాను. ఆఫీసులో డేటా శుభ్రం చేసినట్టు చిన్న ప్రోగ్రాం రాసి, ఒక్క మధ్యాహ్నంలో అన్నీ కలిపేశాను. పైగా మీరు మెచ్చుకుంటారనుకున్నాను, ఛీ!

కట్టు విప్పాక చూసి "ఇదేంటిరా?" అన్నారు. నాకు భయమేసింది. సైట్ వాళ్ళే ఏదో మార్చారట అనేశాను. "అలాగా" అన్నారు. అంతే. కొన్నాళ్ళకు వస్తే కంప్యూటర్ మూసి ఉంది. "కళ్ళు లాగుతున్నాయిరా, మానేశాను" అన్నారు. నమ్మేశాను... నమ్మితే నాకు హాయి కదా.

మీరిక లేరు కదా, మొన్న మీ అకౌంట్లు మూసేద్దామని మెయిల్ తెరిచాను. ఆ గ్రూపు వాళ్ళకు మీరు రాసింది కనబడింది. "తొందరపడి నేనే కలిపేశాను. క్షమించండి." ప్రతి మార్పు పక్కనా మీ పేరే పడింది మరి. దాని కింద వాళ్ళ జవాబు... ఇకమీదట మీరు ఏదీ మార్చడానికి వీల్లేదని. అత్తవాళ్ళ అమ్మమ్మ వివరాలు సగంలోనే ఆగిపోయాయి, మావయ్యా.

అది నేనేనని మీకు తెలుసు. పాస్‌వర్డ్ ఇంకెవరికిచ్చారు గనక? నాలుగు తిట్టి ఉంటే ఏం పోయేది? ఎందుకు మీ మీద వేసుకున్నారు?

ఇవాళ పొద్దున్నే ఆ గ్రూపుకి రాశాను. కలిపేసింది నేను, అబద్ధమాడింది నేను, మా మావయ్యది ఏ తప్పూ లేదని. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. విడదీసే పని నాకే ఇమ్మని అడిగాను. ఈసారి ప్రోగ్రాం లేదు, ఒక్కొక్కరినీ చేత్తోనే. ఇస్తారో లేదో... ఇవ్వకపోయినా సరే, ఆ తప్పు మీ పేరు మీద మాత్రం ఉండనివ్వను.

మీ మేనల్లుడు,
వాసు