కిటికీలున్న షెడ్డే కావాలి

కానింగ్ వేల్

నాయనా బాలమురళీ,

ఫోన్ చేస్తే సగంలో పెట్టేస్తావు, అందుకే రాయిస్తున్నాను. నువ్వు గనుల డ్యూటీకి వెళ్తూ పెరట్లోకి ఎంచిపెట్టిన షెడ్డు బొమ్మ చూశాను. కిటికీ లేని రేకు డబ్బా అది. ఈ దేశంలో జనవరంటే నడివేసవి, ఆ ఎండలో నీ పెళ్లాం అందులో కూర్చుని జాకెట్లు కుట్టాలా? కొలతలివ్వడానికొచ్చే ఆడవాళ్లు కంచె పట్టుకుని నిలబడాలా? రెండు కిటికీలు, ముందు వరండా ఉన్న షెడ్డే పంపమని కొట్టువాడికి చెప్పించేశాను.

"ఈ మాట వద్దత్తయ్యా, ఆయనకి కోపమొస్తుంది" అంటోంది, రాస్తున్న హరిప్రియ. రాయమన్నాను. ఆ కోపమేదో నామీద చూపించు.

ఇంట్లోకి కొత్తవాళ్లు రాకూడదన్నావు, సరేనన్నాం. ఇప్పుడు నేను చెప్పిన షెడ్డు కూడా మార్పించావంటే, కుట్టు మిషను హాల్లో నీ టీవీ జాగాలోకి వస్తుంది. వచ్చినవాళ్లంతా నీ సోఫాలోనే కూర్చుంటారు.

దగ్గరుండి రాయించినది,
మీ అమ్మ