ఇరవై రెండు మిల్లీమీటర్లు

జూన్ 4

ప్రియమైన అమ్మా,

ఫోన్‌లో మూడుసార్లు చెప్పినా "ఏ ఫ్రిజ్? మనింటి ఫ్రిజ్జా?" అంటావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. చెవికి మిషన్ పెట్టుకోమంటే వినవు.

నువ్వు రిటైరయ్యేదాకా పనిచేసిన ల్యాబ్‌లో ఆ పాత డీప్ ఫ్రీజర్ తీసేస్తున్నారు. అందులోని పదకొండు పెట్టెలూ, రిజిస్టర్లూ మా పరిశోధనకి ఇచ్చేశారు. అప్పట్లో ఐసీయూ రోగుల రక్తంలో దొరికిన బ్యాక్టీరియాని, ఇప్పుడు మా ఐసీయూలో దొరుకుతున్నవాటితో పోల్చి చూడాలి. పెట్టె తెరిస్తే ప్రతి గొట్టం మీదా నీ చేతిరాతే. ఇంకా చిత్రమేమిటంటే, ఒక చుక్క తీసి ప్లేటు మీద గీసి వెచ్చగా పెట్టానా, మర్నాటికల్లా అవి లేచి కూర్చున్నాయి. నేను స్కూల్లో ఉన్నప్పుడు గడ్డకట్టినవమ్మా! ప్లేటు చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. ఆరో పెట్టె చివరి గడిలో ఒక గొట్టానికి నంబరు లేదు, మూతకి నీలం దారం చుట్టి ఉంది. చీటీ అంటించకుండా వంటింట్లో డబ్బా కూడా పెట్టని మనిషివి. ఏమిటది?

నీ మాట వినని కూతురు

జూన్ 11

చిట్టితల్లికి,

నా చెవుల జోలికి రాకు, అవి బాగానే ఉన్నాయి. మీరందరూ నోట్లో నోట్లో మాట్లాడతారు.

మూడో పెట్టెలోవి బద్ధకస్తులు, వాటికి రెండు రోజులు గడువివ్వు. తొమ్మిదో పెట్టెలో మూతలు వదులుగా ఉంటే తిట్టాల్సింది నన్ను కాదు, అది నా తర్వాత వచ్చినాయన నిర్వాకం. కరెంటు పోతే నేను ఐసు మోసుకుంటూ ఆ ఫ్రీజర్ చుట్టూ తిరిగేదాన్ని. నిన్ను స్కూల్ నుంచి తీసుకురావడం కూడా మర్చిపోయాను ఒకసారి. నువ్వు గేటు దగ్గర ఏడుస్తూ కూర్చున్నావు, గుర్తుందా?

నీలం దారం గొట్టం తెరవద్దు. ఎందుకని అడగద్దు. వేళకి తిను.

అమ్మ

జూన్ 20

ప్రియమైన అమ్మా,

తెరవలేదు. ముందు ఆ మాట చెప్పేశాను, ఇక స్థిమితంగా చదువు.

నాలుగో బెడ్‌లో ఒక డ్రిల్లు మాస్టారు ఉన్నారు. కాలి మీద చిన్న పుండుతో మొదలైంది, రక్తంలోకి పాకి సెప్సిస్‌లోకి దిగింది. మందు తన పని తాను చేసింది. నిన్న తీసిన రక్తంలో ఒక్క బ్యాక్టీరియా కూడా లేదు. అయినా బీపీ నిలవదు, కిడ్నీలు మొరాయించాయి. దొంగ గోడ దూకి పారిపోయాక కూడా ఇంట్లోవాళ్లు చీకట్లో ఒకరినొకరు కొట్టుకుంటున్నట్టు, ఆయన ఒళ్లే ఆయన్ని దెబ్బ తీస్తోంది. ఆ కొట్లాటని ఆపమనే కబురు శరీరంలో ఎవరు పంపుతారో, కొందరిలో అది ఎందుకు అందదో, మేం వెతుకుతున్నది అదే. రోజూ ఆయన మంచం పక్కన నిలబడితే నాకు భయం కంటే ఎక్కువ ఆశ్చర్యమే వేస్తుంది. ఇంత బలం ఒక మనిషి లోపల ఎక్కడ దాక్కుందో.

రిజిస్టర్ తిరగేస్తుంటే నాన్న పోయిన వారం పేజీ కనిపించింది. నాన్న పేరు, పక్కన నీ అక్షరాల్లో "22". నాన్న ప్లేటు చదివింది నువ్వేనా? ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదేం? ఆ దారం చుట్టింది నాన్న రక్తంలోంచి వచ్చినదానికేనా?

నీ చిట్టి

జూలై 1

చిట్టితల్లికి,

అవును, నేనే.

నీకప్పుడు ఎనిమిదేళ్లు. మీ నాన్న సోమవారం ప్రెస్సుకి వెళ్లారు, మంగళవారం ఐసీయూలో ఉన్నారు. ఇన్ఫెక్షన్ కిడ్నీల్లో మొదలై రక్తంలోకి పాకింది. ఆయన రక్తం పోసిన బాటిల్లో బ్యాక్టీరియా పెరిగింది. అది ఏ మందుకి లొంగుతుందో చూడాలి. ఆ రోజు ల్యాబ్‌లో చూసేదాన్ని నేనొక్కదాన్నే. ఈ పని నీకు కొత్త కాదు: ప్లేటు నిండా బ్యాక్టీరియా, మధ్యలో మందు అద్దిన కాగితపు బిళ్ల, దాని చుట్టూ ఏమీ పెరగని వలయం. అప్పటి లెక్కన వలయం ఇరవై ఒక్క మిల్లీమీటర్లో, అంతకు మించో ఉంటే మందు పనిచేస్తుంది. తక్కువైతే మందు మార్చాలి.

ఆ వలయం అంచు మసకగా ఉంది. ఒకసారి కొలిస్తే ఇరవై అనిపించింది, ఇంకోసారి ఇరవై రెండు. ఇరవై రెండు అని రాశాను. డాక్టర్లు ముందునుంచీ ఇస్తున్న మందే కొనసాగించారు. మూడో రోజుకి ఆయన లేరు.

నేను చూసింది రాశానా, కావాలనుకున్నది రాశానా? ఇరవై ఆరేళ్లయింది, నాకింకా తెలియదు. పది రోజుల సెలవు తర్వాత డ్యూటీలో చేరాను. ఆ పేజీ మళ్లీ తెరవలేదు. ఆ తర్వాత వేల ప్లేట్లు చదివాను. ఆ ఒక్క గొట్టాన్ని మాత్రం పారేయలేకపోయాను, తెరిచి చూడలేకపోయాను.

ఇప్పుడు తెలిసిందిగా. దాన్ని అలాగే ఉండనీ.

అమ్మ

ఆగస్టు 22

ప్రియమైన అమ్మా,

నీ మాట వినలేదు. తిట్టడం తర్వాత, ముందు ఇది చదువు.

గొట్టం తెరిచాను. రెండో రోజుకి ప్లేటు నిండా పెరిగింది. నాన్న ఒంట్లో తిరిగినదాన్ని కళ్లముందు పెట్టుకుని చాలాసేపు పక్కకి తిరగలేకపోయాను. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. అదే బిళ్ల, అదే మందు పెట్టి మూడు ప్లేట్లు వేశాను. నా కళ్లని నేను నమ్మలేదు, నీ పోలికే కదా. అందుకని ఏమీ చెప్పకుండా పక్క టేబుల్ అమ్మాయికిచ్చి కొలవమన్నాను. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై రెండు. అంచు మసగ్గానే ఉంది. దాని పెరిగే తీరే అంత, తప్పు నీ కళ్లది కాదు. మెషీన్‌లో దాని జన్యువులన్నీ కూడా చదివించాం. ఆ మందుని ఎదుర్కొనేది ఒక్కటీ లేదు. ఈ ఏడు వారాలూ పట్టింది దానికే. పూర్తిగా తేలకుండా నీకు ఒక్క అక్షరం రాయకూడదనుకున్నాను.

ఇంకొకటుంది. నువ్వు తెరవని పేజీ నేను తిప్పాను. నాన్న పోవడానికి ముందురోజు రెండోసారి రక్తం తీశారు. ఆ బాటిల్ ఏడు రోజులు ఉంచాలి కదా. నువ్వు సెలవులో ఉండగా ఎవరో గుండ్రటి అక్షరాలతో రాశారు: "ఏడో రోజు. ఏమీ పెరగలేదు."

మందు పనిచేసిందమ్మా. నాన్న రక్తం శుభ్రమైంది. ఒంట్లో కొట్లాట ఆగలేదు, అంతే. అది ఆపడం అప్పుడు ఎవరికీ తెలియదు. ఇప్పుడు మాకూ సగమే తెలుసు. డ్రిల్లు మాస్టారికి జూలైలోనే ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పలేను. లేచి కూర్చుని తన విజిల్ ఏదని అడిగారు, వార్డంతా నవ్వింది. నేను బయటికెళ్లి ఏడ్చాను.

నీ చిట్టి

ఆగస్టు 29

నా బంగారుతల్లికి,

నీ ఉత్తరం చదివి పక్కన పెట్టి, మళ్లీ తీసి, ఇలా ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. పొద్దున్న వంట కూడా చేయలేదు.

నిన్ను తిట్టను. నిజం చెప్పేస్తున్నాను, వినుకో. ల్యాబ్ తాళాలు ఇరవై ఏళ్లు నా కొంగునే ఉన్నాయి. బిళ్లలు, ప్లేట్లు అన్నీ నా చేతికిందే. ఒక్క రోజు పని. ఆ ఒక్క రోజూ నాకు ధైర్యం చాలలేదు. ఫ్రీజర్ తీసేస్తున్నారని అక్కడివాళ్లు ముందు నాకే చెప్పారు. పెట్టెలు నీకివ్వమన్నది నేనే. ఇక తెరవద్దన్నానంటావా, నువ్వు పుట్టిందగ్గర్నుంచి వద్దన్న పని చేయకుండా ఉన్నావా? వేడి ఇస్త్రీ పెట్టె ముట్టుకోవద్దంటే ముట్టుకున్నావు, ఆ మచ్చ ఇంకా నీ చేతి మీదే ఉంది. తెరవమంటే మానేసి ఉండేదానివేమో. ఏడు వారాలు ఉత్తరం రాకపోయేసరికి తెరిచావని అర్థమై, రోజూ పోస్ట్‌మ్యాన్ కోసం గుమ్మంలో కూర్చున్నాను.

ఆ రెండో బాటిల్ సంగతి మాత్రం నాకు తెలియదు. పేజీ తిప్పితే సరిపోయేది.

గురువారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. నా పాత స్టీలు స్కేలు తెస్తున్నాను, మీ మెషీన్లు నీ దగ్గరే ఉంచుకో. నేను వచ్చేదాకా ఒక ప్లేటు ఫ్రిజ్‌లో దాచు. ఇంకోసారి నేనే కొలవాలి. కొలిచాక దాన్ని ఆటోక్లేవ్ ఆవిరిలో పెట్టి చంపేది కూడా నేనే. గొట్టం మాత్రం నీ దగ్గరే ఉండనీ, నీ పనికి కావాలి. ఆ నీలం దారం విప్పేసి, మిగతావాటికిలాగే దానికీ ఒక నంబరు వెయ్యి.

అమ్మ