కళ్ళజోడుకు సాక్ష్యం

గుంటూరు, హాస్టలు నుంచి

ప్రియమైన అవ్వకు, నీ మనవరాలు ఫెబీ వందనాలు.

ఈ ఉత్తరంతో పాటు ఒక పెట్టె అందుతుంది. అందులో ఉన్నది నా ఫైనలియర్ ప్రాజెక్టు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాతిపొడి మధ్య పనిచేసి నీ కళ్ళు ఎండిపోయాయి కదా, నిన్ను తలుచుకునే దీన్ని ఎంచుకున్నాను. చూడడానికి కళ్ళజోడులా ఉంటుంది గానీ అద్దాలుండవు. కనుబొమ్మల కింద, ముక్కు పక్కన చిన్న మెత్తలుంటాయి. వాటి గుండా చీమ పాకినంత కరెంటు నరానికి తగిలితే, ఆ నరం వెళ్ళి కన్నీటి గ్రంథిని నిద్ర లేపుతుంది. ‘చెమ్మ’ అనే మాట ఈ మధ్య నాకు బాగా నచ్చింది. తడి కంటే తక్కువ, పొడి కంటే ఎక్కువ. కంటికి కావలసింది సరిగ్గా అంతే.

ఇది తొలి నమూనా. రోజూ కాసేపు పెట్టుకుని, ఎలా ఉందో రిపోర్టు రాసి పంపు. ఫోన్‌లో చెప్తే లెక్కలోకి రాదు, చేత్తో రాసి సంతకం పెట్టాలని నా ప్రాజెక్టు చూసే మాధవి మేడం చెప్పారు.

నీ ఫెబీ

తా.క. పెట్టెలో ఖర్జూరాల పొట్లం కూడా ఉంది. అది ప్రాజెక్టు కాదు, తినొచ్చు.

*

తర్లుపాడు

ప్రభువునందు నా ముద్దు మనవరాలు ఫెబీకి, దానమ్మ దీవించి రాయునది.

రిపోర్టు అంటే ఏందో నాకు తెలియదు పాపా. విక్టర్ పాస్టరు గారిని అడిగితే, "జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టేదేనమ్మా" అని చెప్పినారు. అట్లయితే అది కూటంలో లేచి దేవుని మేలు చెప్పే సాక్ష్యమే. సాక్ష్యం నాకు బాగా వచ్చు.

నేను బహు కాలము ఎండిన కన్నులు కలదానినై యుంటిని. గురువారం స్త్రీల కూటంలో అందరూ కన్నీళ్ళతో ప్రార్థిస్తారు. నాకు చుక్క రాదు. "పలకలు కోసి కోసి దానమ్మ గుండె కూడా పలకైపోయింది" అని మగ్దలీనమ్మ అందరి ముందరా అంటుంది. ఈస్టరు ముందు ఉపవాస ప్రార్థన ఎవరు నడిపించాలో ఇప్పుడు ఎంచాల. నాకు ఆశ ఉంది. కానీ కన్నీళ్ళు రానిదాన్ని ఎవరు నిలబెడతారు?

మొన్న నీ కళ్ళజోడు పెట్టుకుని మోకాళ్ళూనినా. రెండో పాటకే బొటబొటా కారినాయి. చాప తడిసింది. ఎవురో నాకు కొంగు అందించినారు. ఇది నా సాక్ష్యము.

ఇట్లు, దానమ్మ

తా.క. అవి కరెంటు కన్నీళ్ళు, చెల్లవు అంటుంది మగ్దలీనమ్మ. "కరెంటు పోతే మారుమనసు కూడా పోతుందా?" అని అడిగింది. పాస్టరు గారు ఆలోచిస్తున్నారు.

*

గుంటూరు

అవ్వకు వందనాలు. కంగారుగా రాస్తున్నాను.

ఆ కళ్ళజోడులో కరెంటు లేదు. బ్యాటరీ లేదు, తీగ కూడా లేదు. మనుషుల మీద కరెంటు వాడాలంటే మా కాలేజీ కమిటీ అనుమతి కావాలి, అది ఇంకా రాలేదు. ముఖానికి సరిగ్గా కూర్చుంటుందో లేదో చూడడానికి ఉత్త ప్లాస్టిక్ ఫ్రేము పంపాను. ఆ ముక్క రాయడం మరిచిపోయాను.

నీ సాక్ష్యం చదివి మేడం, "చాలా బాగా రాశారు, మరి లోపాలేవి?" అన్నారు. లోపాల్లేని రిపోర్టును కమిటీ నమ్మదట. సరైన రిపోర్టు ఈ నెలలో చేరకపోతే నా ప్రాజెక్టు ఇక్కడితో ఆగిపోతుంది. నొప్పి, దురద, జారడం, ఏదున్నా రాయి.

నీ ఫెబీ

తా.క. అయితే కన్నీళ్ళు ఎందుకొచ్చినట్టు? ఇదే ఆలోచిస్తూ క్యాంటీన్లో పక్కమ్మాయి పూరీ తినేశాను.

*

తర్లుపాడు

ప్రియమైన ఫెబీకి, అవ్వ ఆనందముతో రాయునది.

నీ ఉత్తరం పాస్టరు గారు ఆరాధన అయినాక అందరికీ చదివి వినిపించినారు. కరెంటు లేదన్న చోట రెండుసార్లు చదివినారు. కరెంటు లేదు కాబట్టి కన్నీళ్ళు నిజమైనవే అని పెద్దలు తీర్మానం చేసినారు. ఉపవాస ప్రార్థన నేనే నడిపించాల.

మగ్దలీనమ్మ ఊరుకుంటుందా? "ఇటియ్యి, నేనూ చూస్తా" అని లాక్కుని పెట్టుకుంది. ఎప్పుడూ వచ్చేదాని కంటే ఎక్కువ వచ్చినాయి. పక్కింటి రంగనాయకమ్మ మేకలు తోలుకుని పోతా పోతా ఆగి పెట్టుకుంది. "మాకు మీ ప్రార్థన రాదు గదక్కా, అయినా వస్తన్నాయే" అనింది. ఇప్పుడు కంభం నుంచి, పొదిలి నుంచి కూడా అడగను వస్తున్నారు. ఇంకో నాలుగు పంపు.

లోపాలు అడిగినావు. సాక్ష్యంలో లోపం ఎవరైనా చెప్తారా పాపా? జ్వరం తగ్గిందని లేచి నిలబడినోళ్ళు మాత్ర చేదని చెప్పరు.

ఇట్లు, దానమ్మ

తా.క. మీ శ్యాంసన్ మామ ఇట్లాంటివి తనను ఏడిపించలేవని మీసం మెలేసి పెట్టుకున్నాడు. మీసం ఇంకా ఆరలేదు.

*

గుంటూరు

అవ్వకు వందనాలు. ఇంకెవరికీ ఆ కళ్ళజోడు పెట్టొద్దు.

మా దగ్గరున్న రెండో ఫ్రేమును మేడం పెట్టుకున్నారు. కాసేపటికి ఆవిడ కళ్ళ నుంచీ నీళ్ళు కారాయి. అప్పుడావిడ ప్రార్థనలో లేరు, హాజరు పట్టిక చూస్తున్నారు. ఫ్రేము ముక్కు దూలాన్ని పట్టకారులా నొక్కుతోంది. కొలతలన్నీ హాస్టలు అమ్మాయిల ముఖాల మీదే తీసుకున్నాను. పెద్దవాళ్ళ ముఖం ఒక్కటైనా కొలవాల్సింది.

ఒక సంగతి మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ముక్కు నొక్కితే నీకు నీళ్ళొచ్చాయంటే, నీ గ్రంథి పూర్తిగా ఎండిపోలేదన్నమాట. లోపల ఊట ఉంది, పిలిచేవాళ్ళే లేరు. ఆ నరం దారిని బోర్డు మీద గీసి, మెత్తను ఎటు జరపాలో మేడం, నేనూ వాదించుకుంటున్నాం.

కానీ అవ్వా, అంత నొప్పి పెడుతుంటే ఒక్కరైనా ఎందుకు చెప్పలేదు?

నీ ఫెబీ

తా.క. ఈ ఉత్తరం పాస్టరు గారికి ఇవ్వాలో వద్దో నీ ఇష్టం. నడిపించే అవకాశం పోతుందేమోనని నాకు భయంగా ఉంది.

*

తర్లుపాడు

ఫెబీ పాపకు, అవ్వ తలనొప్పి తగ్గిన తర్వాత రాయునది.

నొప్పి అందరికీ తెలుసు. మనవరాలు చేసి పంపింది గదా అని నేను నొప్పి సంగతి చెప్పలేదు. నేను ఓర్చుకున్నది తను ఓర్చుకోలేదంటే పరువు పోతుందని మగ్దలీనమ్మ చెప్పలేదు. అది మన దేవుని వస్తువేమోనని రంగనాయకమ్మ చెప్పలేదు.

నీ ఉత్తరం పాస్టరు గారికి ఇయ్యలేదు. కూటంలో నేనే లేచి చదివినా. "ఇవి ముక్కు నొప్పికి వచ్చిన నీళ్ళు. నాకు కన్నీళ్ళు రావు. వేరే ఎవరినన్నా ఎంచుకోండి" అని చెప్పినా.

అందరూ మగ్దలీనమ్మ దిక్కు చూసినారు. ఆమె ముక్కు మీద ఎర్రటి గీత ఇంకా పోలేదు. "నాకూ అందుకే వచ్చినాయి. ఇంక ఏవి ఏ నీళ్ళో నేను తేల్చలేను. దానమ్మనే నడిపించనీండి. మేమంతా ఏడుస్తా ఉంటే ఒక్కరన్నా మాట పలకాల గదా" అనింది.

పొడి కళ్ళతోనే నడిపించినా పాపా. గొంతు ఎక్కడా పూడుకోలేదు. వెనక వరసలో చెవుడున్న కోటయ్య తాత కూడా ఈసారి ప్రతి మాటా వినపడిందన్నాడు.

ఇంక లోపాలు. ఒకరు నోరు తెరిచేసరికి అందరూ తెరిచినారు. ముక్కు నొక్కుతుంది. చెవి వెనక కోస్తుంది. చెమట పడితే జారుతుంది. రంగనాయకమ్మ మేక ఒక మెత్తను నమిలింది, కాబట్టి అది గట్టిది కాదు. శ్యాంసన్‌కు రంగు నచ్చలేదు. కింద అందరూ సంతకాలు పెట్టినారు, రాత రానోళ్ళు వేలిముద్ర వేసినారు. మీ మేడానికి ఇయ్యి.

ఇట్లు, దానమ్మ

తా.క. మగ్దలీనమ్మ రిపోర్టు వేరేగా రెండు పేజీలు జత చేసినా. మొదటి పేజీ నీ కళ్ళజోడు లోపాలు. రెండో పేజీ నా లోపాలు. అది కమిటీకి చూపియ్యొద్దు.