మిస్డ్ కాల్ ఎత్తిన మిషను

సిరిసిల్ల

చిరంజీవి నరేందర్‌కు మేనమామ బాలకిషన్ దీవెనలు.

ఇక్కడ ఫోను తప్ప అందరం క్షేమం. జగిత్యాలలో నీ ఫోన్ల దుకాణానికే ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ నువ్వు బిగించిన కొత్త మిషనులో బయటికి మాట్లాడాలంటే ఏది నొక్కాలో రాసిన కాగితాన్ని మీ అత్త పప్పు డబ్బా కింద పరిచింది. అందుకే ఉత్తరం.

అసలు పాత ఫోనుకు ఏం తక్కువరా? మరమగ్గాల సాంచాలు ఆడుతుంటే షెడ్డులో గంట వినబడదని దానికి ఎర్ర బల్బు తగిలించుకున్నాను. ఆ బల్బు మన పోచయ్య పెళ్లి పందిరిది. పెళ్లికొడుకు అలిగి వెళ్లిపోయినా బల్బు మా దగ్గరే ఉండిపోయింది. ఆ కథ వేరే.

మా వ్యాపారంలో ఫోను మాట్లాడటానికి కాదు నాయనా. కోరుట్లలో చీరల దుకాణం సుమిత్ర ఒక్కసారి మోగించి కట్ చేస్తే, ‘ఎప్పటిలాగే చీరల మూట పంపు’ అని. నేను ఒక్కసారి మోగిస్తే, ‘మూట బస్సెక్కింది, బస్టాండుకు పో’ అని. ఎవరైనా ఫోను ఎత్తారంటే ఆ ఇంట్లో జరగరానిది జరిగినట్టే. ఇప్పుడు నీ మిషను మొదటి మోతకే ఎత్తి, ‘దయచేసి వేచి ఉండండి’ అని ఏడుపు పిల్లనగ్రోవి వినిపిస్తోంది. సుమిత్ర దసరా ఆర్డరు పోయిందంటే నా సాంచాలు సగం ఆపుకోవాలి. వెంటనే చూడు.

ఇట్లు, ఇంకా బతికే ఉన్న నీ మామ.

తా.క.: నిన్న సుమిత్ర పూలదండతో దిగింది. గేటు దగ్గర నేనే ఎదురుపడ్డాను. “మంచిగనే ఉన్నవ్ గదనే అన్నా” అంది, బస్సు కిరాయి దండగైనట్టు.

*

జగిత్యాల

పూజ్యులైన మామకు నరేందర్ నమస్కారాలు.

మీ బాధ అర్థమైంది. కస్టమర్లు మిస్డ్ కాల్ ఇచ్చినా మీరు తిరిగి చేయలేకపోతున్నారు. ఈ కాలంలో వ్యాపారాలు మునిగేది అక్కడే మామా. అందుకని ఇక్కడినుంచే సెట్టింగు మార్చాను. ఇకమీద మిస్డ్ కాల్ ఇచ్చేవాళ్లకు తీరిక ఇవ్వడానికి మిషను కాసేపు ఆగి ఎత్తుతుంది. ఎవరు మిస్డ్ కాల్ ఇచ్చినా తనే తిరిగి ఫోన్ చేస్తుంది. జనాన్ని విసిగించకుండా ఒక్క మోతకే ఆగిపోతుంది. ఇంత మర్యాద మనుషుల్లో కూడా లేదు.

అత్తకు నమస్కారాలు చెప్పగలరు. మీ మేనల్లుడు.

తా.క.: పిల్లనగ్రోవి తీసేసి పెళ్లి సన్నాయి పెట్టాను. దండ దేవుడికి వేయండి. సుమిత్రమ్మకు తిరిగి ఇస్తే బాగుండదు.

*

సిరిసిల్ల

మర్యాదస్తుడైన మేనల్లుడికి,

నాయనా, నేను చెప్పింది ఒకటి, నువ్వు చేసింది ఒకటి. మిషను ఒక్కసారి మోగించి ఆగితే దానికి అర్థమేమిటో పోయిన ఉత్తరంలో రాశాను కదా. కోరుట్ల తట్టు మిస్డ్ కాల్ ఇచ్చిన నా ఖాతాదారులందరికీ అది ఒకే పొద్దున మోగించింది. మూట వచ్చిందనుకుని అందరూ కోరుట్ల బస్టాండుకు పరుగెత్తారు. మూట లేదు. ఏమైందని మళ్లీ మిస్డ్ కాల్ ఇచ్చారు. మిషను మళ్లీ మర్యాద చేసింది. మళ్లీ పరుగెత్తారు. ఇప్పుడు వాళ్లు ఇళ్లకు పోవడం కూడా మానేశారట.

సుమిత్ర బస్సు కండక్టరుతో కబురంపింది: “మూట ఎక్కలే, మనిషి సావలే. మరి ఫోనెవ్వడు గొట్టిండు?” ఏం చెప్పాలి? ఆర్డరు చేయి దాటిపోతోంది. నువ్వే పోయి తప్పు మిషనుదని చెప్పి రా.

ఆశీర్వాదం తరువాత. ముందు పని. బాలకిషన్.

తా.క.: నూలు సేటు ఫోన్ చేసి సన్నాయి విన్నాడు. పెళ్లికి పిలవలేదని అలిగాడు.

*

జగిత్యాల

మామకు,

కోరుట్ల బస్టాండుకు పోయి వచ్చాను. టీ కొట్టు ముందు బెంచీలన్నీ మీ ఖాతాదారులే. ఇన్నేళ్లూ ఒక్కొక్కరి మూట ఒక్కో రోజు పంపేవారట మీరు, అందుకే వాళ్లు ఎన్నడూ ఒకచోట కలవలేదు. నేను వెళ్లేసరికి చుట్టాల్లా కలిసిపోయి ఉన్నారు.

మాటల్లో సుమిత్రమ్మ సంచిలోంచి నమూనా చీర తీసి, “గీ జొన్నకంకి అంచు నా ఒక్కదానికే నేస్తడు మా అన్న. గీ తట్టున ఇంకెవ్వలకు ఇయ్యనని ఒట్టేసిండు” అంది. మెట్‌పల్లి దుకాణం రాజేశం తన సంచిలోంచి అదే అంచు చీర తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత తక్కినవాళ్లూ సంచులు విప్పారు. బస్టాండంతా జొన్నచేనైంది మామా.

తప్పు మిషనుదని మీరు చెప్పమన్నట్టే చెప్పాను. “మిషన్‌ను ఏమనకు తమ్మీ, గది మమ్ముల కలిపింది” అంది సుమిత్రమ్మ.

ఆర్డరు పోయిందనే అనుకున్నాను. పోలేదు. దసరాకు అందరి ఆర్డరూ మీకే, కానీ ఒక షరతు మీద. “మాటిచ్చిండు గద, నిలవెట్టుకొమ్మను. ఒక్కో దుకాణానికి ఒక్కో అంచు నెయ్యాలె, ఒకలది ఒకలకు కలువద్దు” అంది సుమిత్రమ్మే. సాంచాలు ఆపాల్సి వస్తుందని బెంగ వద్దు. దసరా దాకా వాటికి నిద్ర కూడా ఉండదు.

మీ క్షేమం కోరే నరేందర్.

తా.క.: అందరూ కలిసి జీపు మాట్లాడుకున్నారు. సిరిసిల్లలో మీ షెడ్డుకు దూరంగా దిగి, ఒకరినొకరు ఎరగనట్టు ఒక్కొక్కరే లోపలికి వస్తారట, మీరేం చెబుతారో విందామని. ఈ ఉత్తరం జీపు కంటే ముందు అందితే ఎవరికీ ఒట్టు వేయకండి. తర్వాత అందితే, ఎవరికి ఏ అంచు మీద ఒట్టు వేశారో రాయండి.