ముందు హుక్కుల బ్రా

అమ్మాయ్,
పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. దండెం మీద బట్టలు తీసి మడత పెట్టు.

ఆ దండెం మీదే చూశాను, మీ అమ్మగారికి నువ్వు కొనిచ్చిన ముందు హుక్కుల బ్రా. ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు ఒకసారి వేసుకుని చూశాను కూడా. ఏమైనా అనుకో.

లాండ్రీలో రోజంతా నిలబడి ఇస్త్రీ చేసే మనిషిని నేను. వెనక హుక్కులదైతే చెమటకి ఒరుసుకుపోతుంది, భుజం నొప్పితో చెయ్యి వెనక్కి పోదు. పోనీ అని వట్టి స్లిప్‌తో వెళ్తే హాయిగానే ఉంటుంది గానీ, మధ్యాహ్నానికి బరువుకి వీపు పట్టేస్తుంది. ఇదేమో మెత్తగా ఉంది, పట్టీలు వెడల్పు, నొక్కకుండా పట్టి ఉంచుతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. వదినగారు ఇంటిపట్టున ఉండే మనిషి, ఆవిడకి స్లిప్ చాలదూ?

నాకూ అలాంటిదే తీసుకురా. ఆవిడ సైజే సరిపోయింది.

వేసుకున్నాను కదా అని మళ్ళీ ఉతికి ఆరేశాను. తడిగా ఉందేమని ఆవిడ అడిగితే తుంపర పడిందని చెప్పు.

అత్తయ్య

నీ చెయ్యి విరిగి కట్టుతో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే నీ హుక్కులు పెట్టింది నేనమ్మా. అప్పుడైనా నీకు తెలియలేదా, నా చెయ్యి ఎంతవరకు లేస్తుందో?